వస మొక్క ఆనవాళ్లు

జూన్ 19

ఖమ్మంలోని మూలికల అంగడివాడు నన్ను మోసగించాడు. వస కొమ్ము అని పొట్లం కట్టి ఇచ్చింది వట్టి కొయ్యముక్క. ఈ ఉదయం విరిచి చూస్తే లోపల పురుగు తొలిచిన పొడి రాలింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే గోనెసంచి వాసన తప్ప మరొకటి లేదు. ఇన్నాళ్లూ సానరాయి మీద తేనెతో అరగదీసి మనవరాలి నాలుకకు నేను రాస్తున్నది దీనినా! మాట రాలేదని విచారించడం దేనికి? లోపం ఆచారంలో లేదు, సరుకులో ఉన్నది. ఈ సంగతి తేలినప్పటినుంచి కుర్చీలో నిలకడగా కూర్చోలేకపోతున్నాను.

నాకు పచ్చి వస కావాలి. నా చేతులతో నేలలోంచి తీసినది కావాలి.

ప్రమీలకు చెప్పాను. మా కోడలు తల్లాడలో ఒక కార్యాలయంలో కంప్యూటర్ ఆపరేటరు. బస్సుకు వేళయిందని జడ వేసుకుంటూనే సమాధానమిచ్చింది.

"ముందుగాల చెవులు చూపిద్దాం మామా. ఖమ్మం దవాఖానల చిన్నపిల్లలకు పరీక్ష చేస్తరంట."

"చెవులకేమైంది? నా స్కూటరు మలుపు తిరగగానే వాకిట్లోకి పరుగెత్తి రావడం లేదా?"

వంటింట్లోంచి నా భార్య గోరి అందుకున్నది. "నేను లేస్తే అది లేస్తది సారూ. నీ స్కూటరుకు కాదు."

పెళ్లయిన ఇన్నేళ్లలో గోరి నన్ను సారూ అని పిలిచిందంటే అది గౌరవం కాదు.

జూన్ 20

పాపకు రెండున్నరేళ్లు వస్తున్నాయి. పేరు వాఙ్మయి. పేరు పెట్టిన రోజున ఏన్కూరు వీధిలో దానిని సరిగా పలికినవాడిని నేనొక్కడినే. గోరి మయీ అంటుంది, మా అబ్బాయి జగదీష్ బుజ్జీ అంటాడు. పాప ఏ పిలుపుకూ పలకదు. మూడు పేర్లు పెట్టుకుంటే ఏ బిడ్డ పలుకుతుంది?

అసలు కారణం నాకు తెలుసు. నెలలు నిండకుండా పుట్టింది. పుట్టగానే అద్దాల పెట్టెలో పెట్టారు. పచ్చకామెర్లని నీలి దీపం కింద చాలా రోజులు ఉంచారు. ఆ హడావుడిలో పురిటినాడు వస పోయడం అందరమూ మరిచాము. ఈ వీధిలో ప్రతి బిడ్డకూ పోశారు, ఆ బిడ్డలందరూ ఇప్పుడు చెవులు చిల్లులు పడేట్టు మాట్లాడుతున్నారు. మా బిడ్డ ఒక్కతే మౌనం. కార్యకారణ సంబంధం ఇంతకంటే స్పష్టంగా ఉండాలా?

రెండో కారణం కూడా ఉండేది, దానిని నేను తొలగించాను. ఇంట్లో రెండు భాషలు వినబడితే పసిమనసు తికమకపడుతుంది. అందుచేత పాపతో మా తండా గోర్ మాట, అంటే లంబాడీ భాష, మాట్లాడవద్దని గోరికి గట్టిగా చెప్పాను. తండా నుంచి వచ్చి తెలుగు పండితుడినైన తొలివాడిని నేను; నా మనవరాలి తొలిపలుకు శుద్ధమైన తెలుగై ఉండాలి. ఏడాదిగా గోరి పాపతో తెలుగులోనే మాట్లాడుతున్నది. అనగా, దాదాపు మాట్లాడటం లేదు.

జూన్ 27

దొరికింది!

ఏన్కూరు దాటాక కాలువ గట్టు పక్కన మడుగు. నిలువెత్తు కత్తుల్లాంటి ఆకులు, మోకాటిలోతు నీటిలో, దట్టంగా. పుస్తకంలో చెప్పినదీ ఇదే కదా: బహువార్షికం, చిత్తడి నేల, ఖడ్గాకార పత్రాలు. ఒక మోపు కోసి స్కూటరుకు కట్టుకుని వచ్చాను. ఫోటో తీసి హరిప్రసాద్‌కు పంపాను. ఆయన కొత్తగూడెంలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన అధ్యాపకుడు, బొగ్గుగని కార్మికుడి కొడుకు, నాకంటే రెండేళ్లు చిన్న. జవాబు రాయలేదు, ఫోన్ చేశాడు, ముందు తనివితీరా నవ్వాడు.

"జైరామన్నా, గది జమ్ము. చాప అల్లుకో, మంచిగుంటది."

"ఆకు కత్తిలా ఉన్నది కదా!"

"లోకంల నీళ్లల్ల మొలిచే ఆకులు సగం కత్తుల్లెక్కనే ఉంటయ్. మధ్యల ఈనె ఉన్నదా చూడు. వేలితోని తడుము."

తడిమాను. ఈనె లేదు. ఆకు స్పాంజిలా మెత్తగా, నునుపుగా ఉన్నది. పైగా మొక్క మధ్యలో గోధుమరంగు కండె ఒకటి నిటారుగా నిలబడి నన్ను వెక్కిరిస్తున్నది. దానిని నేను మడుగులోనే చూశాను. చూసి పట్టించుకోలేదు.

పాప మాత్రం ఆ కండెను చీల్చి దూదిని ఇల్లంతా ఎగరేసి ఆనందించింది. గోరి చీపురు పట్టుకుని నా వైపు చూసింది.

జూలై 3

ఈసారి వాసన ఉన్నది! వేరు గిల్లితే చక్కటి పరిమళం! గడ్డి ఆకులే, పొట్టివే, అయినా లేతమొక్కలై ఉండవచ్చును. హరిప్రసాద్‌కు వీడియో కాల్ చేశాను.

"కాడను రెండు వేళ్ల నడుమ పట్టి తిప్పన్నా. గుండ్రంగ తిరుగుతుందా?"

తిరగలేదు. మూడు అంచులు వేళ్లకు తగిలాయి.

"అది తుంగ. దాని గడ్డకూ వాసన ఉంటది. ఒక్క గుర్తు దొరకంగనే మురిసిపోకు. ఆ గుర్తు ఇంకోదానికి కూడ ఉంటదేమో చూసుకోవాలె. నువ్వు పిల్లల పేపర్లు దిద్దినట్టు దిద్దు, నీ పేపరు దిద్దుకున్నట్టు కాదు."

ఆఖరి వాక్యం అనవసరం. అయినా వ్యాకరణదోషం లేనందున క్షమించాను.

జూలై 4

తుంగ. తుంగ! ఛీ.

జూలై 9

ఈ రోజు తేదీని ఎర్రసిరాతో రాయవలసినది. ఎర్రకలం దొరకలేదు.

హరిప్రసాద్ ఉదయమే బస్సులో జూలూరుపాడులో దిగాడు. నా స్కూటరు వెనుక కూర్చోబెట్టుకుని అడవి అంచున ఉన్న ఒక పాత కుంటకు తీసుకెళ్లాను. దారిలో తుప్పుపట్టిన బోర్డు: "లోపలికి ప్రవేశము నిషేదము." ధకారానికి ఒత్తు లేదు. జేబులో సుద్దముక్క ఉన్నది కనుక ఆగి దిద్దాను.

"అన్నా, రూలును దిద్ది మరీ దాటుతున్నవా?" అన్నాడు హరిప్రసాద్.

లోపలికి వెళ్లలేదు. కుంట అడవి హద్దుకు ఇవతలే ఉన్నది. అలుగు దూకిన నీళ్లు కింద ఎప్పుడూ ఆరని చిత్తడిగా మారిన చోటుంది. పంచె ఎగగట్టి దిగాము. బురద పిక్కలదాకా పట్టింది. జలగ ఒకటి హరిప్రసాద్ పిక్కకు అంటుకుంటే ఉప్పు తేలేదని నన్ను తిట్టాడు. అప్పుడు ఆయనే, తిడుతున్నవాడు తిడుతున్నట్టే, నోరు మూసుకుని వంగాడు.

నేను ఆయనను చేయి పట్టి ఆపాను. "చెప్పవద్దు. నేనే గుర్తుపడతాను" అన్నాను.

ముందు ఆకు. నడుము ఎత్తున కత్తిలా నిలబడి ఉన్నది, అయితే ఈసారి ఆ రూపానికి లొంగలేదు. బొటనవేలితో తడిమాను. ఈనె ఉన్నది, ఉబ్బెత్తుగా, గట్టిగా. నడిమధ్యన లేదు, ఒక పక్కకు జరిగి ఉన్నది! జమ్ములో ఈనె ఉండదు, ఇందులో ఉన్నా మధ్యన ఉండదు. ఆకు ఒక అంచు చీరకుచ్చులా అలలు తేలి ఉన్నది. మొదట్లోకి వేలు పోనిచ్చాను: ఆకులు రెండు వరుసలుగా, ఒకదాని ఒడిలో ఒకటి, చేతులు ముడిచినట్టు, అడుగున లేత గులాబిరంగు. కాడను తిప్పి చూశాను, మూడంచులు లేవు. చుట్టూ తిరిగాను. నాలుగో దుబ్బులో పువ్వు! పువ్వనేందుకు మనసొప్పదు. ఆకులాగే ఉన్న కాడకు పక్కనుంచి ఏటవాలుగా చిటికెన వేలంత పచ్చటి కంకి పొడుచుకు వచ్చింది, ఎవరో చొక్కాజేబులోంచి వేలు బయటపెట్టినట్టు. జమ్ము కండె నెత్తిన నిలుస్తుంది, ఇది పక్కన మొలుస్తుంది. ఎంత తేడా! ఇంత తేడాను ఆనాడు కళ్లుండి చూడలేదు.

చివరికి ఆకు చివర తుంచి అరచేతిలో నలిపాను.

ఏమని రాయను? నారింజ తొక్క, అల్లం, తడిసిన మట్టి, ఇంకేదో తియ్యనిది. ముక్కులోంచి నుదుటికి ఎక్కింది. తుంగలో గడ్డకే వాసన, ఇందులో ఆకుకూ ఉన్నది. కళ్లు మూసి పట్టుకున్నా ఇది మరొకటి కాజాలదు.

"వస!" అని అరిచాను. కొంగలు లేచిపోయాయి.

"నూటికి నూరు," అన్నాడు హరిప్రసాద్, ఇన్నేళ్లలో ఎవరికీ అన్ని మార్కులు వేయనివాడు.

వేరుకొమ్ము బురదలో అడ్డంగా పాకి ఉన్నది. బొటనవేలంత లావు, కణుపు కణుపుకూ ఉంగరం, పైన గోధుమరంగు, విరిస్తే లోపల తెలుపు. ఒక మొలక ఉన్న ముక్కను మాత్రమే కోసుకున్నాము. ఎండల్లో ఆకు పండి పడిపోయినా కొమ్ము కింద బతికే ఉంటుందట, వానకు మళ్లీ లేస్తుందట. గింజ పట్టదట, కొమ్ముతోనే ఏటికేడు పాకుతుందట.

తిరిగి వస్తుంటే హరిప్రసాద్ ఒక మాట అన్నాడు. "పచ్చి కొమ్ము పసిపిల్లకు పెట్టకన్నా. ఇయ్యాల్రేపు డాక్టర్లు వద్దంటున్నరు. పెంచుకో, వాసన చూసుకో. పిల్లను మాత్రం దవాఖానకు తీస్కపో."

పెద్దలు తరతరాలుగా పోశారని చెప్పాను. గాలి శబ్దంలో ఆయనకు వినపడినట్టు లేదు.

జూలై 10

బోరింగు పక్కన పగిలిన సిమెంటు తొట్టిలో బురద నింపి వస నాటాను. నీరు ఎప్పుడూ నిలిచి ఉండాలి. పాప పక్కన కూర్చుని నా చేతుల వైపే చూసింది. ఆకు నలిపి దాని ముక్కు దగ్గర పెట్టాను. కళ్లు పెద్దవి చేసి, నా వేళ్లు రెండు చేతులతో పట్టుకుని మళ్లీ మళ్లీ వాసన చూసింది. ఎంత గ్రహణశక్తి!

సాయంత్రం ప్రమీలతో సంధి జరిగింది. ఆమె ఊరికే ఒప్పుకునే మనిషి కాదు.

"సూది మొన మీద ఎంత నిలుస్తదో గంతే మామా. గంతకంటే ఎక్కువ నోట్లె పెట్టనియ్య. తీజ్ పండుగ అయిందాక చూస్త. అయినంక ఖమ్మం పోతం. గప్పుడు మల్లా ఇంకోటి చెప్పొద్దు."

"అప్పటికి వెళ్లవలసిన అవసరమే ఉండదు."

"పోయినేడాది కూడ గిదే అన్నవ్. జగదీష్‌కు మూడేండ్లకు మాటొచ్చింది, మన ఇంట్ల అందరికి లేటే అన్నవ్." ఆమె గొంతు పెంచలేదు. "చెవులే అయితే, ఎంత జల్దీ చూపిస్తే గంత మంచిదంట. నేను ఫోన్ల చదివిన."

చెవులు కావు.

జూలై 18

ఫలితం!!

రెండు ఆశ్చర్యార్థకాలు వాడటం తప్పని జీవితమంతా బోధించాను. ఈ రోజు వాడతాను.

పాప వాకిట్లో గోడవైపు తిరిగి చింతగింజలు పేర్చుకుంటున్నది. తొట్టిలో కలుపు తీసి నేను చెప్పులు లేకుండా వచ్చి దాని వెనుక నిలబడ్డాను. "వాఙ్మయీ" అన్నాను. తిరిగింది! పెదవుల నిండా నవ్వు! నా మోకాలికి చుట్టుకున్నది. మళ్లీ గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, వెనక్కి వెళ్లి, పిలిచాను. ఒక క్షణం ఆగి తిరిగింది!

వస మొదలుపెట్టి ఎన్నో రోజులు కాలేదు. కొయ్యముక్కకూ పచ్చి కొమ్ముకూ తేడా ఇది. మాట రావడానికి ముందు వినికిడి పదునెక్కుతుంది కాబోలు. క్రమం సహజంగానే ఉన్నది: వర్ణం, పదం, వాక్యం.

షిఫ్టు దిగి వచ్చిన జగదీష్‌కు చెప్పాను. గని నుంచి బైక్ మీద వచ్చి ముఖం కూడా కడుక్కోలేదు, పరుగున వెళ్లి దాని వెనుక నిలబడి "బుజ్జీ" అన్నాడు. తిరగలేదు. "నీ ఉచ్చారణలో స్పష్టత లేదు" అన్నాను.

"రెండేండ్ల కింద పేరు పెట్టినప్పటిసంది నా ఉచ్చారణే తప్పు" అని స్నానానికి వెళ్లిపోయాడు.

జూలై 21

ఉదయం తిరిగింది.

జూలై 22

ఉదయం, సాయంత్రం. ఉచ్చారణే రహస్యం. నేను పిలిస్తేనే తిరుగుతున్నది.

జూలై 26

ప్రమీలకు ప్రత్యక్షంగా చూపాను. పాప తిరిగింది. ప్రమీల నోటికి చేయి అడ్డం పెట్టుకున్నది. ఆమె కూడా పిలిచింది, తిరగలేదు. మళ్లీ నేను పిలిచాను, తిరిగింది. ఆమె చాలాసేపు నా వైపు చూసింది, అది సంతోషమో మరేదో నాకు బోధపడలేదు. సంతోషమే అయి ఉంటుంది.

గోరి: "చేతులు కడుక్కోని అన్నానికి రా సారూ. ఇల్లంత నీ ఆకు వాసనే."

తొట్టిలో కొత్త ఆకు లేచింది. దాని అంచు కూడా అలలే!

ఆగస్టు 9

తండాలో తీజ్ మొదలైంది. మా పూర్వపు తండా ఇక్కడికి రెండు మైళ్లే. పెళ్లికాని పిల్లలు బుట్టల్లో మన్నుపోసి గోధుమలు జల్లారు. మొలకలకు రోజూ పాటలు పాడుతూ నీళ్లు పోస్తారు. గోరి అక్కడే ఉంటున్నది. పాటలో ఆమె గొంతు అందరికంటే పైన వినపడుతున్నది. ఏడాదిగా ఆ గొంతు ఇంత పెద్దదని మరిచిపోయాను.

పాప డప్పు దగ్గరకు వెళ్లి దాని మీద చెంప ఆనించి కళ్లు మూసుకున్నది. డప్పు కొట్టేవాడు ఆపితే వాడి చేయి లాగి మళ్లీ కొట్టమన్నది. సంగీతజ్ఞానం! మాటకు ముందే లయ!

ఆగస్టు 16

తీజ్ చివరి రోజు. మొలక బుట్టలు తలలకెత్తుకుని పిల్లలు చెరువుకు వెళ్లారు. పాప నా ముందు నేలపై కూర్చుని బుట్టలోంచి రాలిన మొలకలు ఏరుకుంటున్నది. దాని వెనుక ఎవరో టపాసుల దండ అంటించారు. నేను చెవులు మూసుకున్నాను. మేకలు తాళ్లు తెంపుకున్నాయి. డప్పు కొట్టేవాడు కూడా గెంతి పక్కకు తప్పుకున్నాడు.

పాప మొలకలు ఏరుకుంటూనే ఉన్నది. తర్వాత పొగ ముందుకు వచ్చినప్పుడు తల ఎత్తి చూసి నవ్వింది.

జగదీష్ నా వైపు చూశాడు. నేను చెరువు వైపు చూశాను.

ఏకాగ్రత గల బిడ్డ.

ఆగస్టు 17

వాన. రాయడానికి విశేషమేమీ లేదు.

ఆగస్టు 18

వాన. తొట్టిలో నీరు నిండింది.

"ఆ గుర్తు ఇంకోదానికి కూడ ఉంటదేమో చూసుకోవాలె." ఈ మాట పొద్దుటినుంచి వదలడం లేదు. తుంగ గురించి అన్నాడు కదా. తుంగ గురించే.

ఆగస్టు 19

ఉదయం తొట్టి దగ్గరకు వెళ్లలేదు. సున్నిపిండితో చేతులు మోచేతుల వరకు రుద్ది కడిగాను. తలస్నానం చేశాను. పెట్టెలోంచి ఉతికిన చొక్కా తీసి తొడుక్కున్నాను. గాలి నా వైపునుంచి వీచకుండా చూసుకున్నాను. నీడ ముందుకు పడకుండా పడమటి పక్కను ఎంచుకున్నాను. నడిచి వెళితే బండల అదురు తెలుస్తుందని ముందే వెళ్లి అక్కడ కూర్చుని, గోరి దానిని తెచ్చి నా ముందు అటు తిప్పి దించేదాకా కదలలేదు.

"వాఙ్మయీ" అన్నాను.

చింతగింజలు.

"వాఙ్మయీ!" తరగతిగదిలో చివరి బల్లకు వినిపించే గొంతుతో.

చింతగింజలు. ఒకటి దొర్లితే దానిని తెచ్చి వరుసలో పెట్టింది.

స్టీలు పళ్లెం, గరిటె తెచ్చుకుని ఉన్నాను. కొట్టాను. వంటింట్లోంచి గోరి పరుగెత్తుకొచ్చింది, గోడమీది పిల్లి దూకి పారిపోయింది, పక్కింటివాళ్లు ఏమైందని అరిచారు. నా ముందు, చేయి చాస్తే అందేంత దగ్గర, ఆ చిన్న వీపు కదలలేదు.

గోరి గడపలో నిలబడిపోయింది. నేను ఆమె వైపు చూడలేదు. జేబులో కాగితంలో చుట్టి పెట్టిన ఆకు ఒకటి ఉన్నది. నిన్ననే కోసి ఉంచాను. ఎందుకు ఉంచానో నిన్ననే తెలుసు. కాగితం విప్పి, దాని వెనుక, గాలి వీచే పక్కకు జరిగి, ఏమీ పలకకుండా ఆకును నలిపాను.

తిరిగింది. అదే నవ్వు. లేచి వచ్చి నా వేళ్లు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నది.

ఇన్నాళ్లూ అది నన్ను గుర్తుపట్టినది ఇలాగ. నేను వసను గుర్తుపట్టినట్టే.

ఆగస్టు 20

ప్రమీలకు నేనే చెప్పాను. "ఖమ్మం ఎప్పుడు వెళదాం?" అన్నాను. ఆమె టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ ఆగింది.

"తెలుసు మామా. నువ్వు చూపెట్టిన దినమే తెలిసింది. నేను పిలిస్తే తిరగకపాయె."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే వింటవా?" అన్నది. తర్వాత తనే, "నాకు కూడ వినబుద్ధి కాలే" అన్నది. ఈ రోజు సెలవు పెట్టి ఫోన్లు చేసింది.

ఆగస్టు 28

ఖమ్మం. దూది గోడల గది. పాప నిద్రపోయాక తలకు తీగలు అంటించారు. పరీక్ష చేసిన అమ్మాయి మర్యాదస్తురాలు, తెలుగు కూడా బాగున్నది. పుట్టినప్పటి కామెర్లు, అద్దాల పెట్టె సంగతులు అడిగి రాసుకున్నది. వినికిడి రెండు చెవుల్లోనూ చాలా తక్కువ, అయినా మిగిలి ఉన్నది. "మిషన్లు పెడితే, రోజూ నేర్పితే మాట వస్తుంది సార్. కష్టపడాలి, కానీ వస్తుంది." ఏడాది ముందు తెస్తే ఇంకా సులువుగా ఉండేదని కూడా అన్నది. అది ప్రమీలకు కాదు, నాకే చెప్పినట్టు తోచింది. వస నాలుకకు రాయడం ఆపమన్నది. ఆపానన్నాను.

ఇంట్లో రెండు భాషలుంటే బిడ్డకు మాట ఆలస్యమవుతుందా అని అడిగాను. అందరి ముందూ అడిగాను. గోరి పక్కనే ఉన్నది.

"కాదు సార్. అమ్మమ్మకో నానమ్మకో ఏ మాట బాగా వస్తే ఆ మాటలోనే ఎక్కువ మాట్లాడాలి. ఎంత ఎక్కువ మాట్లాడితే అంత మంచిది."

బస్సులో గోరి కిటికీ వైపు తిరిగి కూర్చున్నది. వైరా దాటాక పాపను ఒడిలోకి లాక్కుని దాని ముఖానికి ముఖం పెట్టి గోర్ మాటలో ఏదో మొదలుపెట్టింది. తల్లాడ దాకా ఆపలేదు. పాపకు వినపడలేదు. పెదవులనే చూసింది, ఒక్కసారి కూడా కళ్లు తిప్పలేదు.

అక్టోబరు 23

మిషన్లు వచ్చాయి. చెవి వెనుక దాగే చిక్కుడు గింజంత వస్తువులు. రేపు పెడతారు. దానికి వినిపించవలసిన తొలి వాక్యం సిద్ధం చేశాను. కర్త, కర్మ, క్రియ. ఒక్క అన్యభాషా పదం లేదు. పలుమార్లు చదువుకున్నాను.

అక్టోబరు 24

పెట్టారు. "మాట్లాడండి" అన్నది ఖమ్మంలో పరీక్ష చేసిన ఆ అమ్మాయి.

ప్రమీల పక్కకు జరిగి మాకు చోటిచ్చింది. జగదీష్ నా వైపు చూశాడు. నా వాక్యం సంగతి వాడికి తెలుసు. నేను నోరు తెరిచాను. ఎదురుగా గోరి చీర చెంగు వేలికి చుట్టుకుంటూ ఉన్నది.

"నువ్వు పిలువు" అన్నాను.

"ఏ మాటల?"

"నీ మాటలో. మన మాటలో."

ఆమె వంగి, నెమ్మదిగా కూడా కాదు, తీజ్ నాటి గొంతుతో పిలిచింది. "ఆవ్ ఛోరీ, ఆవ్!" రా పిల్లా, రా.

పాప బొమ్మను వదిలేసింది. ముందు పైకప్పు వైపు చూసింది. తర్వాత తలుపు వైపు. ఆ తర్వాత మమ్మల్ని ఒక్కొక్కరినీ, ఎవరు చేశారు ఈ పని అన్నట్టు. గోరి మళ్లీ పిలిచింది. పాప వెళ్లి ఆమె నోటి మీద అరచేయి పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టింది. గోరి ఏడుస్తూనే పిలుస్తున్నది, పిలుస్తూనే నవ్వుతున్నది. పరీక్ష గదిలో అంత పెద్దగా అరవకూడదు. ఎవరూ వద్దనలేదు.

నా వాక్యం జేబులోనే ఉన్నది. దానికి తొందర లేదు.

అక్టోబరు 27

ఇల్లు సంతలా ఉన్నది. ప్రెషర్ కుక్కర్ కూస్తే ఏడుపు, కుక్క మొరిగితే నవ్వు, చెంబు కిందపడితే మళ్లీ పడవేయమని ఆజ్ఞ. గోరికి నోరు మూతపడటం లేదు. "ఆ" అనే అక్షరం ఒకటి పాప నోట వచ్చింది. దీర్ఘమే! నేను స్వయంగా విన్నాను.

సాయంత్రం తొట్టి దగ్గర కూర్చున్నాను. వస దుబ్బు కట్టింది. పక్కకు పాకిన కొమ్ము తొట్టి అంచు తాకింది. పాప వచ్చి ఆకు చివర తుంచి, నలిపి, వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని నా వైపు వేలు చూపింది. మళ్లీ అదే చేసింది. ఈసారి ఆకు లేకుండా, ఉత్త వేళ్లు నలిపి.

"ఆడుకుంటున్నది" అన్నాను.

బట్టలు ఆరేస్తున్న ప్రమీల తిరిగి చూసింది. "ఆట కాదు మామా. నిన్ను పిలుస్తున్నది. నువ్వు ఇంట్ల లేనప్పుడు యాడికి పోయిండని నన్ను గట్లనే అడుగుతది. వానల కాలంసంది. గది నీ పేరు."

వానాకాలం నుంచి!

ముక్కు దగ్గర నేనూ వేళ్లు నలిపి పాప వైపు చూపాను. పాప తల అడ్డంగా ఊపింది. నా చేయి పట్టుకుని వేలిని నా గుండె వైపు తిప్పి పెట్టింది. మళ్లీ ముక్కు దగ్గర వేళ్లు నలిపి, నన్నే చూపి, నేను సరిగా అనేదాకా ఎదురుచూస్తూ నిలబడింది.

ఆ పేరు నాది, దానిది కాదు. తప్పు దిద్దుకుని మళ్లీ చేసి చూపాను.